మూడుసార్లు ఓడిన ప్రవాసి మళ్లీ నిలబడితే మనోళ్లు చందా ఇవ్వాలా?

మిర్యాలగూడ మిల్లు:
పండక్కి మా అన్న అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇంట్లో మొదలైన లొల్లి ఇది. తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. అక్కడ మనోళ్లెవరైనా కాంగ్రెస్‌కు, అంటే వాళ్ల పార్లమెంటుకు, నిలబడితే చాలు తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చందా మెసేజ్‌లు మొదలవుతాయి. ఓడిపోతారు. రెండేళ్లకు మళ్లీ అదే మనిషి, అదే మెసేజ్. హిరల్ తిపిర్నేని సంగతి చూడండి. బొంబాయిలో పుట్టి చిన్నపిల్లగా అమెరికా పోయిన ఎమర్జెన్సీ డాక్టర్. అరిజోనాలో డెమోక్రాట్ల తరఫున నిలబడి 2018 ఏప్రిల్ ఉప ఎన్నికలో రిపబ్లికన్ డెబ్బీ లెస్కో మీద ఓడింది, అదే ఏడు నవంబర్‌లో అదే లెస్కో మీద మళ్లీ ఓడింది, 2020లో పక్క నియోజకవర్గానికి పోయి డేవిడ్ ష్వైకర్ట్ చేతిలో ఓడింది. ఆమె మంచిది కాదని నేను అనడం లేదు. రెండుసార్లు ఓడినోళ్లకు మనోళ్లు చందా బంద్ పెట్టాలి, నా మాట అంతే.

హాలియా రైతుబిడ్డ:
మొదట ఒకటి చెప్పు అన్నా, ఆమె తెలుగామెనా? తిపిర్నేని అనేది భర్త ఇంటిపేరు కదా. మనోళ్లు అని ఏ లెక్కన అంటున్నవ్?

మిర్యాలగూడ మిల్లు:
అది కాదు తమ్మీ ఇక్కడ పాయింట్. మన ఇంటిపేరు కనబడగానే చందా అడుగుతారు, ఇస్తారు. దాని గురించే మాట్లాడుతున్నా.

దేవరకొండ టీచరమ్మ:
ఓడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎట్లా? 2016లో ఆ ఎనిమిదో నియోజకవర్గంలో ట్రంప్‌కు 21 శాతం ఆధిక్యం వచ్చింది. ఏడాదిన్నర తిరగకముందే జరిగిన ఉప ఎన్నికలో ఈమె తేడాను సుమారు 5 శాతానికి తెచ్చారు. ఇంకో మాట, 2014లో, 2016లో అక్కడ డెమోక్రాట్లు అసలు అభ్యర్థినే పెట్టలేదు. ఎట్లాగూ ఓడతాం అనుకున్న చోట జనానికి ఓటు వేయడానికి రెండో పెద్ద పార్టీ పేరే లేకుండా పోయింది. ఆమె నిలబడ్డాకే అక్కడ గట్టి పోటీ అనేది జరిగింది.

మిర్యాలగూడ మిల్లు:
టీచరమ్మా, ఏప్రిల్ లెక్క చెప్పారు, నవంబర్ లెక్క వదిలేశారు. నవంబర్‌లో తేడా 11 శాతం. తగ్గాల్సింది పెరిగింది. ఉప ఎన్నికలో దేశం మొత్తం నుంచి పైసలు, టీవీలు, హడావుడి. అది పోయాక అసలు సంగతి బయటపడింది. మరి రెండోసారి ఇచ్చినోళ్ల డబ్బు ఏమైనట్టు?

అచ్చంపేట:
మూడోసారి 4 శాతమే కదా. తగ్గింది.

మిర్యాలగూడ మిల్లు:
నియోజకవర్గం మారింది అన్నా. ఆ ఏడే ష్వైకర్ట్‌కు నిధుల లెక్కల తప్పుల మీద సభ మందలింపు, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. అంత మచ్చ ఉన్నోడి మీద కూడా గెలవలేదు.

హాలియా రైతుబిడ్డ:
వేరే నియోజకవర్గానికి పోతే స్థానికేతరురాలు అనరా?

ఫీనిక్స్ నల్లగొండ:
మాది చండూరు దగ్గర, ఇప్పుడు ఫీనిక్స్‌లో ఉంటున్నా. ఇక్కడ కాంగ్రెస్‌కు నిలబడాలంటే 25 ఏళ్ల వయసు, ఏడేళ్ల పౌరసత్వం, ఆ రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. నియోజకవర్గంలోనే ఉండాలని రాజ్యాంగంలో లేదు. మన దగ్గర లాగా డిపాజిట్ కట్టే పద్ధతి కూడా కాదు, అరిజోనాలో ఓటర్ల సంతకాలు సేకరించి ఇవ్వాలి.
చందా గురించి కూడా ఒకటి చెప్పాలి. హెచ్‌వన్‌బీ మీద ఉన్నోళ్లు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, అది నేరం. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. నేను హెచ్‌వన్‌బీనే, ఇవ్వలేదు, కానీ జీతం లేకుండా పనిచేయొచ్చు కాబట్టి 2018లో ఇళ్లు తిరిగాను. సన్ సిటీ అని రిటైరైనోళ్లు ఉండే ఊరు, కొందరు గోల్ఫ్ బండ్లలోనే కూరగాయలకు పోతారు. ఒక ముసలాయన దోమల జాలీ తలుపు తీయకుండానే నా చేతిలో కాగితం చూసి, మీ పార్టీ వాళ్లు నా తలుపు తట్టి ఎన్నేళ్లయిందో గుర్తులేదు అన్నాడు. ఆయన ఓటు వేశాడో లేదో నాకు తెలియదు. కానీ నా బిడ్డ ఇక్కడే పుట్టింది, రేపు ఆమెకు ఇక్కడ ఓటు ఉంటుంది. ఇలాంటి పేరు బ్యాలెట్ మీద ఉండొచ్చు అని ఆమెకు తెలియడం నాకు ముఖ్యం.

మిర్యాలగూడ మిల్లు:
తమ్మీ, నువ్వు రూపాయి పెట్టలేదు, అందుకే నీకు ముఖ్యం. మా అన్న పెట్టాడు. వేరే రాష్ట్రంలో వేరే అభ్యర్థికి, పేరు వద్దు. చందాకు ముందు ఇంటికి వచ్చి చాయ్ తాగి ఫొటోలు దిగిన మనిషి, ఓడినాక ఫోన్ ఎత్తలేదు. రెండేళ్లకు మళ్లీ మెసేజ్, ‘అన్నా, ఈసారి పక్కా’ అని. ఓడినోళ్లు ఇచ్చినోళ్లకు జవాబు చెప్పరు, ఇదే నా బాధ.

దేవరకొండ టీచరమ్మ:
ఒకరు ఫోన్ ఎత్తలేదని అందరికీ బంద్ పెడతారా? రాజా కృష్ణమూర్తి 2010లో ఇలినాయ్ రాష్ట్ర పదవికి పార్టీలోని పోటీలోనే, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందస్తు ఎన్నికలోనే, ఓడారు, 2012లో కాంగ్రెస్ సీటుకు మళ్లీ పార్టీ పోటీలోనే టామీ డక్‌వర్త్ మీద ఓడారు, 2016లో గెలిచారు. మీ లెక్కన 2012లోనే ఆయన కథ ముగిసేది. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్‌లో కాంగ్రెస్‌కు పోటీపడి పార్టీలోనే ఓడారు, తర్వాత అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

అచ్చంపేట:
రో ఖన్నా కూడా. రెండుసార్లు ఓడి 2016లో గెలిచాడు.

మిర్యాలగూడ మిల్లు:
రో ఖన్నా పుట్టిందే ఫిలడెల్ఫియాలో, ప్రవాసి ఎట్లా అవుతాడు? గెలిచినోళ్లను ఏరి చూపిస్తే ఎట్లా టీచరమ్మా, ఉపేంద్ర చివుకుల పేరు ఎందుకు తీయరు? నెల్లూరులో పుట్టాడు, న్యూజెర్సీ అసెంబ్లీలో చాలా ఏళ్లు ఉన్నాడు, అంత అనుభవం ఉండి 2012లో కాంగ్రెస్‌కు ఓడాడు, 2014లో పార్టీ పోటీలోనే ఓడాడు.

హాలియా రైతుబిడ్డ:
ఈయన మాత్రం తెలుగాయనే. ఇప్పుడు మనోళ్లు అనొచ్చు.

దేవరకొండ టీచరమ్మ:
మన నల్లగొండ వాళ్లమే ఇట్లా మాట్లాడితే ఎట్లా? 1996 లోక్‌సభ ఎన్నిక మరిచిపోయారా? ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నాయని, కృష్ణా నీళ్లు ఇవ్వమని అడిగి అడిగి విసిగి, జలసాధన సమితి పిలుపు మీద జనం వందల నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది ధర్మభిక్షం ఒక్కరే. మిగతా 479 మందిలో చాలామంది ఓడతామని తెలిసే నిలబడ్డారు. మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్ల గోస దేశానికి తెలిసింది వాళ్ల ఓటమి వల్ల.

మిర్యాలగూడ మిల్లు:
తెలిసింది, నిజమే. నీళ్లు ఎప్పుడొచ్చాయి? మిషన్ భగీరథ ప్రారంభోత్సవమే 2016లో. ఆ లోపల వంగిన ఎముకలు వంగినట్టే ఉన్నాయి. ఆ ఎన్నిక అయినాక ప్రభుత్వం చేసిన మొదటి పని, 500 ఉన్న డిపాజిట్‌ను 10 వేలు చేసింది. ఇప్పుడు 25 వేలు. అంటే ఓడినోళ్లు పేదోడికి తలుపు ఇంకా గట్టిగా మూయించారు.

దేవరకొండ టీచరమ్మ:
తలుపు మూసింది ప్రభుత్వం. నిలబడ్డోళ్ల మీద ఎందుకు వేస్తారు ఆ నింద?

హాలియా రైతుబిడ్డ:
అన్నా, కోపం రావద్దు కానీ మనది ఒకే దిక్కు. మీ నాయన సర్పంచికి నిలబడ్డ ముచ్చట తెలియనోళ్లు లేరు. ఆ కోపం ఈ అమెరికా డాక్టరమ్మ మీద చూపిస్తున్నవ్.

మిర్యాలగూడ మిల్లు:
మా నాయన పేరు ఎందుకు తీసినవ్? సరే తీసినవ్ కాబట్టి విను. ప్రతిసారీ ‘ఈసారి పక్కా’ అని చెప్పే నలుగురు మా అరుగు మీద కూర్చునేవాళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద మంచి పొలం, రెండు పంటలు పండేది, ముక్కలు ముక్కలుగా పోయింది. మిగిలిన పోస్టర్లతో మా అమ్మ మా పుస్తకాలకు అట్టలు వేసేది. నా లెక్కల పుస్తకం మీద నాయన మొహం, కత్తెర గుర్తు. బడిలో నన్ను కత్తెర అని పిలిచేవాళ్లు. నిలబడమన్న ఆ నలుగురిలో ఒక్కడు కూడా అప్పు తీర్చేటప్పుడు రాలేదు. ఓటమి గొప్పది అని చెప్పేవాళ్లు ఓడినోడి ఇంట్లో ఒక ఏడు ఉండి చూడండి.

అచ్చంపేట:
హాలియా తమ్మీ, ఇంటి మనుషుల పేర్లు తీయడం తప్పు. మర్యాదగా మాట్లాడుకుందాం.

దేవరకొండ టీచరమ్మ:
తమ్ముడూ, మీ అమ్మగారి కష్టం కాదనలేను. అయినా ఒక మాట అడుగుతా. మీ నాయన నిలబడకపోతే ఆ ఊళ్లో ఏం జరిగేది? ఏకగ్రీవం. ఏకగ్రీవం అంటే మన ఊళ్లల్లో చాలాచోట్ల గుడి దగ్గర కూర్చుని సర్పంచి పదవికి వేలంపాట పాడటం. పైసలున్నోడు పాడుకుంటాడు, మిగతా ఊరు చప్పట్లు కొడుతుంది.

మిర్యాలగూడ మిల్లు:
పాడుకోనీయండి. గుడికి సున్నం పడేది, మా పొలం మాకు ఉండేది.

పాలమూరు మేస్త్రి:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మాది మక్తల్ వైపు. మా తాత బొంబాయికి మట్టి పనికి పోయిండు, మా నాయన పూణే, నేను హైదరాబాద్‌లో సెంట్రింగ్. బొంబాయిలో కామాటిపుర అనే పేరే మన దిక్కు నుంచి పోయిన కామాటి కూలీల మీద వచ్చింది. వలస అంటే మీరందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు. మేం ఎక్కడ పనిచేస్తే అక్కడ మాకు ఓటు లేదు. ఓటున్న ఊరికి పోలింగ్ రోజు బస్సు పెట్టి తీసుకపోతారు, ఎక్కించినోడే ఎవరికి వేయాలో చెప్తాడు. మాలో ఒక్కడు కూడా ఓడిపోవడానికైనా నిలబడలేదు. డాక్టరమ్మ మూడుసార్లు ఓడి మళ్లీ తన బతుకు తాను బతకగలదు. మిల్లు అన్న వాళ్ల నాయన పొలం పోగొట్టుకున్నాడు. నేను ఒక్కసారి నిలబడితే నెల కూలీ పోతుంది, మేస్త్రి పని పోతుంది. మీరు ఎన్నిసార్లు ఓడాలి అని కొట్లాడుతున్నారు. ఓడటానికి కూడా మొదట స్తోమత ఉండాలి కదా సారూ.

ఫీనిక్స్ నల్లగొండ:
అన్నా, అందుకే చందా ఉండాలి అంటున్నా నేను. చందా లేకపోతే పొలం ఉన్నోడు, డాక్టర్ మాత్రమే నిలబడతారు. పది మంది పది పది డాలర్లు ఇస్తేనే స్తోమత లేనోడు నిలబడేది.

మిర్యాలగూడ మిల్లు:
ఇదిగో, ఇప్పుడు అసలు మాట వచ్చింది. మేస్త్రి అన్న నిలబడితే చెప్పండి, నేను ఇస్తా, ఓడినా మళ్లీ ఇస్తా. నా కొట్లాట అది కాదు. ఇంటిపేరు చూసి, మనోడు అని చెప్పి తీసుకుని, ఓడినాక లెక్క చెప్పనోళ్ల మీద.

పాలమూరు మేస్త్రి:
నేను మాత్రం నిలబడను అన్నా. పిల్లలు చిన్నోళ్లు.

ఫీనిక్స్ నల్లగొండ:
మిల్లు అన్నా, లెక్క మాత్రం ఎవరూ దాచలేరు. ఇక్కడ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో ప్రతి అభ్యర్థి రాబడి, ఖర్చు ఉంటుంది. 200 డాలర్లు దాటి ఇచ్చినోళ్ల పేర్లు కూడా ఉంటాయి. మీ అన్న పేరు వెతుకు.

మిర్యాలగూడ మిల్లు:
వెతికాను, ఉంది. రెండుసార్లు ఉంది. మా అన్న మాకు ఒక్కసారే ఇచ్చానని చెప్పాడు. ఖర్చు చదువుతున్నా, కన్సల్టెంట్లు అని పేజీలకు పేజీలు పోతోంది. అన్నకు ఇప్పుడు అక్కడ తెల్లవారుతుంది, ఫోన్ చేసి మళ్లీ వస్తా.