యూనివర్సిటీ పాలక మండలిలో పనిచేసి దిగిపోయిన వాళ్లకు బిరుదులు ఇవ్వాలా?

ప్రశ్నార్థకం:
మా బంధువు ఒకాయన ఒక రాష్ట్ర యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, ఆయన ఉద్యోగం ఆయనకు కావాలి. అక్కడ ఈసీ, అంటే పాలక మండలిలో ఒక ప్రతిపాదన నడుస్తోందట. రెండు టర్ములు పూర్తి చేసిన సభ్యులకు 'ఎమెరిటస్ సభ్యులు' అనే హోదా, అంటే పదవి దిగిపోయాక కూడా గౌరవంగా ఉండే పేరు, మీటింగ్ హాల్లో ఫోటో, స్నాతకోత్సవం రోజు వేదిక మీద కుర్చీ, గెస్ట్‌హౌస్‌లో ఉచిత బస. ఓటు మాత్రం ఉండదు. జీతం లేకుండా ఆరేళ్లు పనిచేసిన మనిషికి ఒక శాలువా కప్పి చేతులు దులుపుకోవడం ఏం బాగుంటుంది, అమెరికాలో ట్రస్టీలకు ఇలాగే ఇస్తారు కదా అని వాళ్ల వాదన. నాకైతే తప్పేమీ కనిపించలేదు. మా బంధువు మాత్రం అగ్గి మీద గుగ్గిలం అవుతున్నారు. మీరేమంటారు?

వాల్తేరు గాలి:
మీ బంధువు గారే కరెక్ట్. ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాణ్ణి, అక్కడి సంగతే చెప్తాను. స్నాతకోత్సవ మందిరానికి సర్ సి.ఆర్. రెడ్డి పేరు ఉంది. ఎందుకుంది? 1926లో మొదటి వైస్ ఛాన్సలర్ (వీసీ) ఆయన. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదిలేశారు, రాధాకృష్ణన్ గారి తర్వాత 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపించారు. లైబ్రరీకి వి.ఎస్. కృష్ణ గారి పేరు, ఆయనా వీసీగా ఏళ్ల తరబడి పనిచేసినవారే. సైన్స్ కాలేజీకి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు ఉందంటే ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అదీ ఆ రోజుల్లో లక్ష. ఇక ఆ కాలంలో సెనేట్‌లో, సిండికేట్‌లో, అంటే అప్పటి పాలక మండళ్లలో కూర్చున్న వాళ్లు ఎంతమందో! ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. తెలియనంత మాత్రాన వాళ్లకు అన్యాయం జరిగిపోయిందని నేననుకోను.

పద్మావతి క్యాంపస్:
జరిగిందనే నేనంటాను వాల్తేరు గారూ. ఆ యూనివర్సిటీ బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకు వచ్చింది. ఎక్కడ ఉండాలన్న దాని మీద ఏళ్ల తరబడి వాదులాట నడిచింది. ఆ వాదులాటలో నిలబడి మాట్లాడిన వాళ్లు లేకపోతే మీరు సముద్రం చూస్తూ చదువుకునేవారు కాదు. వీసీకి పేరు వస్తుంది, డబ్బిచ్చిన వారికి పేరు వస్తుంది, బల్ల దగ్గర కూర్చుని అవును కాదు అన్నవాళ్లకు ఏమీ రాదు. ఈ ప్రతిపాదన నాకూ నచ్చలేదు, కానీ గుర్తింపే వద్దంటే ఒప్పుకోను. నేనూ ఒకప్పుడు టీచర్ మెంబర్‌గా ఈసీలో కూర్చున్నదాన్నే. వివరంగా సాయంత్రం రాస్తాను, పేపర్లు దిద్దాలి.

యాన్‌ఆర్బర్ తెలుగు:
అమెరికా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మిషిగన్ యూనివర్సిటీకి ఎనిమిది మంది రీజెంట్లు, అంటే పాలక బోర్డు సభ్యులు. వాళ్లను రాష్ట్రం మొత్తం ఓటేసి ఎన్నుకుంటుంది. పదవీకాలం ఎనిమిదేళ్లు, జీతం లేదు. దిగిపోయేటప్పుడు బోర్డు ఒక తీర్మానం చేసి 'రీజెంట్ ఎమెరిటస్' హోదా ఇస్తుంది. చాలా చోట్ల ఇది మామూలే. ఇచ్చిన హోదాతో ఓటు రాదు, పెత్తనం రాదు. ఎప్పుడైనా సలహా అడుగుతారు, విరాళాల పనికి పిలుస్తారు. ఆ మనిషికి యూనివర్సిటీతో సంబంధం తెగిపోకుండా ఉంటుంది. ఇందులో గొడవపడాల్సింది ఏముంది?

డిచ్‌పల్లి రోడ్:
అన్నా, మీ దగ్గర జనం ఓటేసి పంపినోళ్లకు ఇస్తున్నరు. మా దగ్గర జీవోతో వచ్చి జీవోతో పోయెటోళ్లకు ఇస్తమంటున్నరు. రెండూ ఒకటెట్లయితయి?
1991 యూనివర్సిటీల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది. ఈసీకి వీసీయే చైర్మన్. సెక్రటరీలు, కమిషనర్లు హోదా రీత్యా ఉంటరు. మిగిలినోళ్లను ప్రభుత్వం నామినేట్ చేస్తది, మూడేండ్లకు. పరిశ్రమ, వ్యవసాయం, ప్రజాజీవితం అని రాస్తరు గానీ 'ప్రజాజీవితం' అంటే ఎవరో అందరికీ తెలుసు. సర్కారు మారిందంటే కొత్త జీవో. వీసీలే లేకుండా నడిచిన రోజులు చూసినం. 2024 మేలో తెలంగాణ యూనివర్సిటీల వీసీల గడువు అయిపోతే ఐఏఎస్‌లను ఇన్‌ఛార్జ్‌లుగా పెట్టిన్రు, అక్టోబరులో గానీ కొత్త వీసీలు రాలేదు. ముందు కుర్చీల్లో మనుషులను పెట్టుండ్రి, తర్వాత గోడ మీద ఫోటోల సంగతి చూద్దాం.

ఫైలుమనిషి:
రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. మీటింగ్ అంటే మాకు కనిపించేది చెప్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

వారం ముందు అజెండా స్పైరల్ బైండింగ్ చేయించి పంపుతాం. ఇటుక అంత మందం. మీటింగ్ రోజు సగం మంది దాన్ని ఇంట్లో మర్చిపోయి వస్తారు, అందుకని అదనపు కాపీలు ముందే బల్ల మీద పెట్టి ఉంచుతాం. ఫైనాన్స్ సెక్రటరీ గారు రారు, ఆయన తరఫున ఇంకొకరు వస్తారు. ఏ ఐటమ్ వచ్చినా 'దీనికి ఫైనాన్స్ శాఖ అభిప్రాయం తీసుకోండి' అంటారు. అయ్యా, ఆ అభిప్రాయం చెప్పడానికే కదా మిమ్మల్ని పిలిచింది! మొదటి గంట గత మీటింగ్ మినిట్స్ ఖరారు చేయడానికీ, తీసుకున్న చర్యల నివేదికకూ పోతుంది. తర్వాత టీ, జీడిపప్పు. అసలు సరుకు భోజనానికి పది నిమిషాల ముందు వస్తుంది, 'టేబుల్ ఐటమ్స్' అని విడి కాగితాలుగా. నియామకాలు, పొడిగింపులు, వీసీ గారు ఇప్పటికే సంతకం పెట్టేసిన వాటికి ర్యాటిఫికేషన్, అంటే తర్వాత వేసే ఆమోదముద్ర. అవతల బిర్యానీ వాసన వస్తుంటుంది. అందరూ తలూపుతారు.

ఆ పది నిమిషాల్లో 'ఈ కాగితం ఇప్పుడే ఇచ్చారు, చదవకుండా నేను ఒప్పుకోను' అనే మనిషి ఒకరు ఉంటారు చూడండి, అసలు సేవ చేసేది ఆయన. అలాంటివాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు బిరుదు ఇవ్వమంటే రెండు చేతులూ ఎత్తుతాను. కానీ ప్రతిపాదన ఏమిటి? రెండు టర్ములు పూర్తి చేసిన వాళ్లకు. అలా అడ్డుపడ్డవాడికి రెండో టర్ము ఎవరిస్తారు బాబూ?

ప్రశ్నార్థకం:
సార్, ఆ చివరి మాట నేను ఆలోచించలేదు. అలాగని అందరూ తలూపే బాపతే అనడం కూడా ఎక్కువే కదా? ఈసీలు గట్టిగా నిలబడిన సందర్భాలూ ఉంటాయి.

డిచ్‌పల్లి రోడ్:
ఎందుకు లేవు, నా పేరులోనే ఉన్నది చూడుండ్రి. 2023లో మా డిచ్‌పల్లిలున్న తెలంగాణ యూనివర్సిటీలో ఈసీకీ వీసీకీ పడలేదు. రిజిస్ట్రార్ ఎవరన్న దగ్గరనే పంచాయితీ. ఈసీ ఒకరిని పెడితే వీసీ ఇంకొకరిని పెట్టె. ఏ ఉత్తర్వు చెల్లుతదో తెలువక ఉద్యోగులు తల పట్టుకున్నరు. ఖర్చుల మీద, నియామకాల మీద ఈసీ విచారణ అన్నది. ఆఖరుకు జూన్‌లో 50 వేల లంచం కేసులో వీసీని ఏసీబీ అరెస్టు చేసింది. కేసు సంగతి కోర్టు చూసుకుంటది. నేననేది ఒక్కటే, ఈసీ అన్నది ప్రశ్నలు అడగొచ్చు, అడిగితే కదలిక ఉంటది. కానీ అప్పుడు ముందున్నది ఎక్కువగా హోదా రీత్యా వచ్చిన అధికారులే. వాళ్లకు ఎమెరిటస్ అక్కర్లేదు, ఇంకో శాఖకు ట్రాన్స్‌ఫర్ అయి పోతరు.

యాన్‌ఆర్బర్ తెలుగు:
మా పక్కనే ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇక్కడంతా స్వర్గం అనుకుంటారు. అక్కడా ట్రస్టీలను జనమే ఎన్నుకుంటారు. జిమ్నాస్టిక్స్ డాక్టర్ ఒకడు ఏళ్ల తరబడి అమ్మాయిల మీద చేసిన దారుణాలు బయటపడ్డప్పుడు ఆ బోర్డు మొదట ప్రెసిడెంటునే వెనకేసుకొచ్చింది. 2018లో బాధితులకు 50 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి బోర్డులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ వరసపెట్టి హోదా ఇస్తామంటే నేనూ ఒప్పుకోను. కాలం గడిపినందుకు ఇవ్వకూడదు. దిగిపోయిన ఐదేళ్ల తర్వాత, అప్పటి నిర్ణయాలు ఎలా తేలాయో చూసి ఇవ్వాలి.

వాల్తేరు గాలి:
ఐదేళ్ల తర్వాతా? ఈ లోపు ప్రభుత్వం మారుతుంది. పాత ప్రభుత్వం పెట్టిన మనిషికి కొత్త ఈసీ గౌరవం ఇస్తుందని మీరు నిజంగా అనుకుంటున్నారా? విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు చూడండి. 2022 సెప్టెంబరులో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరు. ఇద్దరు మాజీ ముఖ్యమంత్రుల పేర్ల గతే ఇలా ఉంటే, ఒక మాజీ ఈసీ మెంబర్ ఫోటో గోడ మీద ఎన్నాళ్లుంటుంది?

అసలు సమస్య ఇంకోటి ఉంది. ఇచ్చేది ఎవరు? ఈ ప్రతిపాదనలో ఈసీ తన సభ్యులకు తానే ఇచ్చుకుంటోంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో గౌరవ డాక్టరేట్ ఇవ్వాలంటే అకడమిక్ కౌన్సిల్ సిఫార్సు చేయాలి, ఈసీలో హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆ పైన విజిటర్, అంటే రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాలి. ఉస్మానియా 1953లో అంబేడ్కర్ గారికి గౌరవ డాక్టరేట్ ఇచ్చిందంటే యూనివర్సిటీ బయటి మనిషిని గౌరవించింది, అందులో దానికే గౌరవం. ఆక్స్‌ఫర్డ్‌లో 1985లో సాక్షాత్తు ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌కు డిగ్రీ ఇద్దామంటే అధ్యాపకులు ఓటింగ్ పెట్టి 738–319 తేడాతో తోసిపుచ్చారు. ఆమె చదివింది అక్కడే. అయినా విద్యారంగానికి నిధులు కోసిందని కోపం. మన దగ్గర ఈ ఎమెరిటస్ లిస్టును టీచర్ల ఓటుకు పెట్టమనండి చూద్దాం.

డిచ్‌పల్లి రోడ్:
రెగ్యులర్ టీచర్లు ఎంతమంది ఉన్నరని ఓటింగ్? సగం డిపార్ట్‌మెంట్లు మా కాంట్రాక్టోళ్ల మీదనే నడుస్తున్నయి. మాకు ఓటు ఇస్తరా?
ఇంకోటి, గెస్ట్‌హౌస్ ఫ్రీ అన్నరు. ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్ రూం కోసం లెటర్ పట్టుకొని తిరుగుతడు. ముందు ఆయనకు ఇయ్యుండ్రి.

పద్మావతి క్యాంపస్:
సాయంత్రం రాస్తానన్నాను కదా. నాతో పాటు ఈసీలో ఒక పెద్దాయన ఉండేవారు, వృత్తి రీత్యా ఆడిటర్. ప్రభుత్వం నామినేట్ చేసిన మనిషే. మొదటి మీటింగ్‌లో ఏమీ మాట్లాడలేదు. రెండోదానికి ఆడిట్ రిపోర్టులో పెన్సిల్‌తో గీతలు గీసుకుని వచ్చారు. పరీక్షల విభాగంలో అడ్వాన్సులుగా తీసుకున్న డబ్బుకు ఏళ్ల తరబడి లెక్క చెప్పలేదు, వోచర్లు లేవు. తీసుకున్న వాళ్లలో కొందరు రిటైరైపోయారు. 'ఈ డబ్బు విద్యార్థులు కట్టిన పరీక్ష ఫీజు కదమ్మా' అని నాతో అన్నారు. ప్రతి మీటింగ్‌లోనూ అదే ప్రశ్న, గొంతు పెంచకుండా. మొదట నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. 'సార్, మళ్లీ మొదలెట్టారా' అని అధికారులు ఆయన ముందే అనేవారు. చివరికి ఒక కమిటీ వేయక తప్పలేదు, కొంత సొమ్ము జీతాల నుంచి రికవరీ చేశారు కూడా.

ఆయనకు రెండో టర్ము రాలేదు. ఆఖరి మీటింగ్‌కు ఒంట్లో బాగాలేక రాలేదు, అందుకని ఆ శాలువా కూడా అందలేదు. బీరువాలో ఉండిపోయి ఉంటుంది. మూడేళ్లూ నోరు విప్పనివాళ్లు వరసగా నిలబడి దండలు వేయించుకుని ఫోటో దిగారు. వాల్తేరు గారూ, నాకు కావాల్సిన గుర్తింపు ఇలాంటి మనిషికి. హోదా అక్కర్లేదు. ఈ ప్రశ్న వేసింది ఈయన అని ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలు.

ఫైలుమనిషి:
అమ్మా, అదే రాసి ఉండదు. మినిట్స్ రాసిన చెయ్యి ఇది. ఎవరు ఎంత గట్టిగా వాదించినా మేం రాసేది ఒకటే వాక్యం: 'సవివరంగా చర్చించిన మీదట ఆమోదించడమైనది.' ఒక సభ్యుడు నా అసమ్మతి నమోదు చేయండి అని పట్టుబడితే, 'ఎందుకు సార్, ఏకగ్రీవం అంటే బాగుంటుంది' అని బతిమాలి మాన్పించేవారు. పది మీటింగుల మినిట్స్ తిరగేసినా మీ ఆడిటర్ గారు అసలు ఆ గదిలో ఉన్నారని హాజరు సంతకం తప్ప ఇంకో ఆధారం దొరకదు. రేపు నిజాయితీగల కమిటీ ఒకటి వేసి, ఎవరు బాగా పనిచేశారో తేల్చండి అన్నా వాళ్లు దేన్ని చూసి తేలుస్తారు? అందుకే ఎమెరిటస్ కన్నా ముందు మినిట్స్ మారాలి. ప్రతి ఐటమ్ కింద ఎవరు ఏమన్నారో రెండు ముక్కలు రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. టేబుల్ ఐటమ్స్ అత్యవసరమైతే తప్ప తీసుకోకూడదు.

యాన్‌ఆర్బర్ తెలుగు:
ఇక్కడ రీజెంట్ల మీటింగ్‌కు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, జనం మాట్లాడటానికి కొంత సమయం కూడా ఇస్తారు. ఎవరు ఎటు ఓటేశారో తెలుస్తుంది. హోదా ఇచ్చేటప్పుడు చదివే తీర్మానం పొగడ్తే అయినా, పక్కన ఆ రికార్డు ఉంటుంది కాబట్టి పోల్చి చూసుకోవచ్చు. నా మొదటి పోస్టులో ఇది రాయాల్సింది.

ప్రశ్నార్థకం:
ఫైలుమనిషి గారూ, మా బంధువుకు చెప్పాను. ఆ పాత మినిట్స్ బయటివాళ్లు అడిగితే ఇస్తారా అంటున్నారు.

ఫైలుమనిషి:
ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్లు ఏవి, వాటి మీటింగులకు జనం రావచ్చా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా అన్నది తనంతట తానే ప్రకటించాలి. చాలా యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ఆ పేజీ తెరిస్తే ఎప్పటివో సభ్యుల పేర్లే ఉంటాయి. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. మీ బంధువు పేరుతో మాత్రం వద్దు, బయటి మనిషితో పెట్టించండి. మినిట్స్‌తో సరిపెట్టుకోకండి. రెండు టర్ముల హాజరు పట్టీ, సభ్యులు తీసుకున్న టీఏ బిల్లుల నకళ్లు, టేబుల్ ఐటమ్స్ జాబితా విడివిడిగా అడగండి. ఒకే దరఖాస్తులో అన్నీ కలిపితే 'సమాచారం విస్తారంగా ఉంది' అని తిప్పి పంపుతారు. నేనూ అలా కొన్ని తిప్పి పంపినవాణ్ణే.