నాలుగేళ్ల బాబు మొండితనం: థెరపీ మాకెందుకు?

ప్రశ్న:
టీవీ కట్టేస్తే చాలు, మా బాబు నేలమీద పడి దొర్లుతాడు, కొడతాడు, చేతికందింది విసిరేస్తాడు. డాక్టర్ గారు మందు రాయకుండా మా ఇద్దరినీ పేరెంట్ ట్రైనింగ్‌కి వెళ్లమన్నారు. అక్కడ ఏం చేయిస్తారు?

జవాబు 1:
తప్పు మీదని కాదండీ. థెరపిస్టు వాణ్ని చూసేది వారానికి గంట, మిగతా సమయమంతా మీ దగ్గరే. ఈ వయసుకి బాగా పనిచేసే వాటిలో పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ, అంటే తల్లిదండ్రులనీ పిల్లాణ్నీ కలిపి చేయించే థెరపీ) ఒకటి. 1970ల్లో అమెరికాలో షీలా ఐబెర్గ్ రూపొందించారు, రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకి. మీరు వాడితో ఆడుతుంటే థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ మీ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చెబుతుంటారు.

మొదటి దశలో ఆట వాడిది, మీరు వెంట నడవాలి. వాడి మాటని తిరిగి అనడం, చేస్తున్నది చెప్పడం, ఎందుకు మెచ్చుకుంటున్నారో చెప్పి మెచ్చుకోవడం: ఐదు నిమిషాల్లో ఒక్కొక్కటి పదిసార్లు రావాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు అన్నీ కలిపి మూడుకి మించకూడదు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. "ఇదేం రంగు? ఎన్నున్నాయి?" అంటూ ఆటని పరీక్ష చేసేస్తాం. "మంచి బాబు" కూడా చాలదు, "బ్లాకులు నెమ్మదిగా పేరుస్తున్నావు, భలే" అనాలి.

ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు చేయండి. బ్లాకులు, మట్టి, వంటసామాను బొమ్మలు మంచివి. బంతి, తుపాకీ, ఫోన్ వద్దు.

జవాబు 2:
రెండో దశ చెప్పిన మాట వినేలా చేయడం. "సర్దుతావా?" అంటే "సర్దను" అనే వీలు మీరే ఇచ్చినట్టు. "ఈ బ్లాకు డబ్బాలో వెయ్యి" అని ఒక్క పనే చెప్పి, ఐదు సెకన్లు మౌనంగా ఆగండి. వేస్తే వెంటనే మెచ్చుకోండి. వేయకపోతే ఒక్క హెచ్చరిక, అప్పటికీ వినకపోతే మూడు నిమిషాలు కుర్చీలో. లేచాక అదే పని చేయించాలి, లేదంటే కుర్చీ పని ఎగ్గొట్టే దారి అవుతుంది. ఈ దశని మాత్రం థెరపిస్టు లేకుండా మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ఏడిస్తే మా అత్తయ్యగారు ఫోన్ ఇచ్చేస్తారు.

జవాబు 2:
ఆవిణ్ని కూడా ఒక సెషన్‌కి తీసుకెళ్లండి. ఏడుపుని పట్టించుకోవడం మానగానే మొదట అది పెరుగుతుంది. ఆ పెరిగినప్పుడే ఫోన్ ఇస్తే, ఇంకాసేపు ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు. కొట్టడాన్ని మాత్రం చూసీచూడనట్టు వదలొద్దు, చెయ్యి పట్టి ఆపండి.

జవాబు 3:
మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి, వినపడక కూడా చెప్పిన మాట చేయరు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రం) ఉంటే ఉచితంగా చూస్తారు. మీకే ఓపిక అయిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.