ఒకే రాత్రి రెండుసార్లు వచ్చే 1:30ని టెస్ట్ చేయడం ఎలా?

షిఫ్టుల పనిగంటలు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నాను. న్యూయార్క్ టైమ్‌జోన్ దగ్గర చిక్కొచ్చి పడింది. వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాన్ని వెనక్కి తిప్పే రోజు కాబట్టి, 2024 నవంబర్ 3న తెల్లవారుజామున 2 కాగానే అక్కడ గడియారం మళ్లీ 1కి వెళ్లింది కదా, అంటే 1:30 రెండుసార్లు వచ్చింది. మొదటి 1:30కి ఫోల్డ్ (రెండుసార్లు వచ్చే టైమ్‌లో ఇది మొదటిదో రెండోదో చెప్పే పైథాన్ గుర్తు) 0, రెండోదానికి 1 ఇచ్చి తేడా చూస్తే సున్నా వస్తోంది! రెండింటినీ యూటీసీలోకి (గడియారం ముందుకూ వెనక్కీ జరగని ప్రపంచ ప్రామాణిక సమయం) మార్చి చూస్తే సరిగ్గా గంట. కాబట్టి లెక్కలన్నీ యూటీసీలోనే చేస్తున్నాను, అక్కడ పేచీ లేదు.

నా ప్రశ్నంతా టెస్టుల గురించే. సిస్టమ్ గడియారం మార్చడం నాకు ఇష్టం లేదు, పక్కన నడిచే మిగతా ప్రోగ్రామ్‌లు కూడా దెబ్బతింటాయి. 'ఇప్పుడు టైమెంత' అన్నది ఫంక్షన్‌కి బయటి నుంచి అందిస్తే సరిపోతుందా? న్యూయార్క్ గడియారం 2 నుంచి నేరుగా 3కి దూకిన 2024 మార్చి 10న 2:30 లాంటి అసలు లేని టైమ్‌ను యూజర్ ఇస్తే ఎర్రర్ చూపాలా, గంట ముందుకు జరపాలా? ఎర్రరే మేలని నాకనిపిస్తోంది.

గడియారం అరగంట మాత్రమే మారే ఆస్ట్రేలియాలోని లార్డ్ హోవ్ దీవి, టైమ్‌జోన్ మార్చుకోవడంతో 2011లో డిసెంబర్ 30 అనే రోజే లేని పసిఫిక్ దేశం సమోవా కూడా టెస్టుల్లో ఉన్నాయి. ఇంకేం చేర్చాలి? జనాల జీతాలు దీనిమీదే ఆధారపడి ఉన్నాయి, అందుకే ఇంత టెన్షన్. టైమ్‌జోన్ డేటా (ఎక్కడ గడియారం ఎప్పుడు మారుతుందో చెప్పే జాబితా) అప్‌డేట్ అయినప్పుడు పాత టెస్టులు ఫెయిల్ కాకుండా మీరేం చేస్తున్నారో కాస్త చెప్పండి.