అప్‌డేట్: ఖిలా వరంగల్ కథలోని దయ్యం పాత్ర

ఖిలా వరంగల్ నేపథ్యంగా నేను రాస్తున్న కథలో దయ్యం పాత్ర ఎందుకు భయపెట్టడం లేదని ఇదివరకు అడిగాను; ఆమెకు ఏం కావాలో ముందు తేల్చుకోమని పలువురు సూచించారు. ఆ సలహాయే దారి చూపింది, అందరికీ కృతజ్ఞతలు.

కాకతీయ రాజ్యం కూలిన 1323లో మట్టికోట దాటి వెళ్లి తిరిగిరాని కొడుకు కోసం నేటికీ ఎదురుచూసే తల్లిగా ఆమెను మలిచాను. ఆమె ఎవరినీ బెదిరించదు, పొద్దుగూకే వేళ రాతి కీర్తితోరణం కింద నిలబడి, దారిన పోయే ప్రతి పిల్లవాడినీ “అన్నం తిన్నవా బిడ్డా?” అని అడుగుతుంది. జవాబిచ్చిన పిల్లవాడి ఇంట్లో మర్నాడు ఒక కంచం ఎక్కువగా కనిపించే ఘట్టాన్ని, అరుపులూ గాలివానా లేకుండా, కంచం అంచుకు అంటిన తడి మెతుకు దగ్గరే ఆపేశాను. పగ కన్నా తల్లి ఆరాటమే పాఠకుణ్ణి ఎక్కువ వణికిస్తుందని నా గట్టి నమ్మకం.

చివరికి కొడుకు కనిపించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు గానీ, కనిపించకూడదనే నా మనసు చెబుతోంది.