45 పౌండ్ల లాంగ్‌బోకు చెక్క బాణాలు: ఏ కాడలు ఎంచుకోవాలి?

కొత్తవిల్లు (మిషిగన్):
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా కార్బన్ బాణాలతో సాధన చేస్తున్నాను. అక్టోబరు 1న ఇక్కడ విల్లు వేట మొదలయ్యే నాటికి లాంగ్‌బో (నిడుపాటి సాదా విల్లు), చెక్క బాణాలతో జింక వేటకు వెళ్లాలని కోరిక. నా విల్లు నారిని 28 అంగుళాలు లాగడానికి 45 పౌండ్ల బలం పడుతుంది. నేను లాగేది 27 అంగుళాలే. నారి డాక్రాన్ అనే పాలియెస్టర్ దారంది. సీడార్ కొనాలా, డగ్లస్ ఫర్ కొనాలా, యాష్ కొనాలా? హార్డ్‌వేర్ దుకాణంలో ఇంచుమించు అంతే లావున్న గుండ్రటి చెక్క కడ్డీలు చాలా చవకగా ఉన్నాయి. అవి పనికొస్తాయా?

శొంఠివాసన (ఒరెగాన్):
తమ్ముడూ, ముందు ఆ కడ్డీల సంగతి. వద్దు. పదహారేళ్ల క్రితం నేనూ అలాగే డజను కడ్డీలు తెచ్చాను. ఏడో బాణం వదిలిన క్షణంలోనే విరిగి, దాని పేడు విల్లు పట్టుకున్న చేతిలో బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. విరిగిన చోట చూస్తే చెక్క గీతలు ఏటవాలుగా అంచు దాటి బయటికి పోయాయి. ఆ కడ్డీలను బాణాల కోసం ఏరరు కదా.

అందుకే ఏ చెట్టు అన్నది నేను చివర చూస్తాను. ముందు గీత చూస్తాను. కాడను కిటికీ వెలుగులో పెట్టి నెమ్మదిగా తిప్పండి. పక్క నుంచి చూస్తే గీతలు ఈ కొస నుంచి ఆ కొసదాకా సాగాలి. పై ముఖాన గీతలు కోసుగా ముగిసే చోట్లు ఒకటో రెండో ఉంటే ఫరవాలేదు, కానీ బాణం ఎక్కుపెట్టినప్పుడు పైన కనిపించే ఆ కోసులు ములికి వైపు చూడాలి. అప్పుడు ఒకవేళ విరిగినా వెనక ముక్క పైకి లేచిపోతుంది, చేతిలోకి రాదు. నాక్ గాడి (బాణం వెనక కొసన నారి కూర్చునే గాడి) కూడా చెక్క వలయాలకు అడ్డంగా పడాలి. లేకపోతే నారి దెబ్బకు కాడ నిలువునా చీలుతుంది.

తర్వాత స్పైన్, అంటే కాడ బిగువు. 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద కాడను ఉంచి, నడుమ 2 పౌండ్ల బరువు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు కుంగిందో ఆ అంకెతో 26ను భాగిస్తే స్పైన్ వస్తుంది. 0.52 అంగుళం కుంగితే 50 పౌండ్లు. లాంగ్‌బోలో బాణం విల్లు మధ్యగీతకు పక్కగా కూర్చుంటుంది. వదిలాక విల్లును చుట్టి వంగుతూ వెళ్లాలి. మరీ బిగువైన కాడ అలా వంగదు. 27 అంగుళాల దగ్గర మీ విల్లు లాగేది సుమారు 43 పౌండ్లే కాబట్టి డజను కొనకముందు 40–45 పౌండ్ల స్పైన్ కాడలు మూడు, 45–50వి మూడు తెప్పించుకుని వేసి చూడండి. లావు 11/32 అంగుళం, ములికి 125 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బాణాల బరువు చూసే చిన్న తూకం).

ఇక చెట్టు. నా చేయి పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ మీదికే పోతుంది. ఇది మా ఒరెగాన్ నైరుతి మూలలో, దానికి ఆనుకుని ఉన్న కాలిఫోర్నియాలో పెరిగే చెట్టు. కోస్తే శొంఠి దంచినట్టు ఘాటైన వాసన. నా షెడ్డు తలుపు తీయగానే మా అమ్మ వంటిల్లు గుర్తొస్తుంది. 1952లో వేరుకుళ్లు తెగులు దాని సహజమైన అడవుల్లోకి చేరినప్పటి నుంచి వాగుల వెంట చెట్లు చచ్చిపోతున్నాయి. ఆ మోడులు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. మంచి కాడలకు ధర పెరగడంలో వింత లేదు. అది దొరక్కపోతే డగ్లస్ ఫర్ తీసుకోండి. కాస్త బరువు, దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది. జింక వేటకు బాణం మొత్తం బరువు విల్లు లాగే ఒక్కో పౌండుకు 10 గ్రెయిన్ల లెక్కన చూసుకోండి. మీకు 450కి తగ్గకుండా ఉంటే చాలు.

గజంబద్ద (టెక్సాస్):
అన్నగారి మాటే నాదీ. యాష్ గురించి ఒక్కటి చెబుతాను: బలంగా ఉంటుంది, బరువూ ఎక్కువే, కానీ నా దగ్గరున్నవి ఊరికే వంకర తిరుగుతాయి. వారానికోసారి అరచేత్తో రుద్ది వేడెక్కించి సరిచేస్తాను. ఏ చెక్కయినా తేమ పీల్చకుండా కాడ అంతటా, కోసిన కొసలకు కూడా, పాలీయురిథేన్ పూత రెండుసార్లు వేయండి. మీ దగ్గర అక్టోబరు వానలు తక్కువేమీ కాదు.

కొత్తవిల్లు (మిషిగన్):
రెండు వారాలు వేసి చూశాను. కుడిచేతి వాటం నాది. పది గజాల నుంచి ఈకల్లేని 40–45 కాడ, ఈకలున్న బాణానికి బెత్తెడు కుడిగా దిగుతోంది. 45–50లో మాత్రం ఈకలున్నదీ లేనిదీ పక్కపక్కనే తగులుతున్నాయి. ఈకలతో కలిపి సీడార్ బాణం 478 గ్రెయిన్లు తూగింది.

శొంఠివాసన (ఒరెగాన్):
కుడికి పోయిందంటే ఆ కాడ మెత్తన. 45–50వే డజను తెప్పించుకోండి. తూకంలో ఒకదానికొకటి 10 గ్రెయిన్లకు మించి తేడా లేనివి కావాలని అడగండి. వేట ములికి బిగించాక మళ్లీ అన్నీ వేసి చూడండి. వంకర దిగినవి సాధనకు పక్కన పెట్టండి. 15 గజాలు దాటి జింక మీద వేయకండి. వేసిన ప్రతి బాణాన్నీ మళ్లీ ఎక్కుపెట్టే ముందు చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచండి. చిటపట వినిపిస్తే అక్కడికక్కడే విరిచేయండి.