అమ్మ ఇంకా వీసీఆర్‌లోనే చూస్తుంది, ఇప్పుడు బొమ్మ రావట్లేదు, బాగుచేసే దారి ఉందా?

కోనసీమ_కొబ్బరితోట:

మా ఇంట్లో వీసీఆర్ పోయిన నెల దాకా బాగానే నడిచింది. 1993లో మా పెద్ద మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన సెట్ అది. అమ్మ ఏటా శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం టీవీలో లైవ్ వస్తుంటే సెట్‌టాప్ బాక్స్ నుంచి ఏవీ వైరు పెట్టి క్యాసెట్‌లోకి రికార్డు చేసుకుంటుంది, మీద ఆ సంవత్సరం రాసి బీరువాలో పెడుతుంది. యూట్యూబ్‌లో ఉంటుంది కదమ్మా అంటే "అది వాళ్లది, ఇది మనింట్లోది" అంటుంది.

ఇంతకీ జరిగింది ఏంటంటే, అటక సర్దుతుంటే చెల్లి ఓణీల ఫంక్షన్ క్యాసెట్ దొరికింది, 1997ది. ఆత్రం కొద్దీ తుడిచి పెట్టేశాను. రెండు నిమిషాలు ఆడి చుక్కలు చుక్కలుగా అయిపోయింది. సరే అని తీసేసి మా గృహప్రవేశం క్యాసెట్ పెడితే అందులోనూ చుక్కలే, మాటలు మాత్రం శుభ్రంగా వినిపిస్తున్నాయి. ఏ క్యాసెట్ పెట్టినా అంతే. ఊళ్లో రిపేరు షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీయకుండా "ఇంకా ఇది ఎందుకండీ, తూకానికి వేసేయండి" అన్నాడు.

ఆ గృహప్రవేశం క్యాసెట్‌లో నానమ్మ ఉంది. నూతి దగ్గర నిలబడి కెమెరా అబ్బాయితో "ఒరే, ముందు ఆ పిల్లలకి పెట్టనీ, తరవాత తీద్దువుగాని" అంటుంది. నానమ్మ గొంతు మాకు మిగిలింది అదొక్కటే. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తామని చాలామంది బోర్డులు పెట్టారు కానీ, మా పిన్నివాళ్ల పెళ్లి క్యాసెట్ అలా ఇస్తే తలంబ్రాల దగ్గర నుంచి అరగంట లేకుండా వచ్చింది, మొహాలన్నీ అడ్డంగా సాగిపోయి. అందుకే ఇవ్వడానికి భయంగా ఉంది. వీసీఆర్ బాగవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పెళ్లి_వీడియోలు_రాజమండ్రి:

ముందు ఇంకో క్యాసెట్ అందులో పెట్టకండి. మాటలు వస్తూ బొమ్మ పోయిందంటే తొంభై పాళ్లు హెడ్ మూసుకుపోయినట్టే. మాటలు చదివే హెడ్ కదలకుండా ఒకచోట ఉంటుంది, బొమ్మ చదివే హెడ్లు తిరిగే డ్రమ్ము అంచున ఉంటాయి, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ సిస్టంలో ఆ డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. వెంట్రుకంత మురికి చేరినా బొమ్మ పోతుంది. మీ అటక క్యాసెట్‌కి బూజు పట్టి ఉంటుంది. దాని కిటికీలోంచి వెలుతురులో ఏటవాలుగా చూడండి, టేపు చుట్ట అంచున పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. మన గోదావరి గాలికి అటక మీద పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ ఇదే గతి.

ప్లగ్గు పీకేసి పైమూత స్క్రూలు విప్పండి. మధ్యలో కొంచెం వాలుగా మెరిసే డ్రమ్ము ఉంటుంది. మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, దాంట్లో దళసరి తెల్ల కాగితం తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పండి. కాగితాన్ని మాత్రం పైకీ కిందకీ రుద్దొద్దు, హెడ్ విరిగిపోతుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల అస్సలు వద్దు, పీచు తగులుకుని హెడ్ ఊడొస్తుంది, నా సెట్ ఒకటి అలాగే పోయింది. కాగితం మీద నల్లగా గీత పడిందంటే మురికి వచ్చినట్టు. పావుగంట ఆరనిచ్చి ఒక పనికిరాని క్యాసెట్‌తో చూడండి.

ఇంకో మాట చెప్పాలి. నేను 1989 నుంచి పెళ్లిళ్లు తీశాను, భుజాన వీహెచ్‌ఎస్ (ఈ క్యాసెట్ల రకం పేరే అది) కెమెరా, వెనకాల హాలోజన్ లైటు పట్టుకుని ఒక కుర్రాడు. ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎక్కించడమే. పార్టీకి ఇచ్చింది ఆ కాపీ. ఖాళీ క్యాసెట్ ఖరీదని అసలు టేపు మీద మళ్లీ తరవాతి పెళ్లి తీసేవాళ్లం. నేనూ చేశాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. అంటే మీ బీరువాలో ఉన్నదే మిగిలిన ఒక్కటీ. ఇంకోటి ఎక్కడా ఉండదు.

డల్లాస్_గోంగూర:

మీరు మస్కట్ సెట్ అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. ముందు ప్యానెల్ మీదో వెనకాల స్టిక్కర్ మీదో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) అని రాసి ఉందేమో చూడండి. గల్ఫ్ సెట్లు చాలావాటికి ఉండేది. అమెరికాలో తీసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్ చూడ్డానికి మన క్యాసెట్‌లాగే ఉంటుంది, సెట్‌లో చక్కగా పడుతుంది కూడా, కానీ బొమ్మకి ఇక్కడ అమెరికాలో 525 లైన్లు, మన దేశంలో 625, అందుకని ఉత్త పాల్ వీసీఆర్‌లో సరిగా ఆడదు. నేను 1998లో మా పెళ్లి క్యాసెట్ ఇక్కడికి తెచ్చుకుని వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ రాలేదు. మా అబ్బాయి బారసాల క్యాసెట్ ఇంటికి పంపిస్తే అమ్మానాన్న చూడలేకపోయారు, వాళ్లు చూసేసరికి వాడికి మూడేళ్లు వచ్చాయి. రెండు సిస్టంలూ ఆడే సెట్ మీ దగ్గర ఉంటే తూకానికి వేయడం మాట మరిచిపోండి.

సర్వీస్_బెంచ్_బెజవాడ:

హెడ్ క్లీనింగ్ గురించి పైన రాసింది సరైనదే. మూత తీసినప్పుడే రబ్బరు బెల్టులు, ఐడ్లర్ టైరు (రీళ్లను తిప్పే చిన్న రబ్బరు చక్రం) కూడా చూడండి, వేలితో నొక్కితే గట్టిగా గాజులా తగిలితే మార్చాలి. అవి జారితే టేపు చుట్టుకునే రీలు తిరగదు, ఎజెక్ట్ కొట్టగానే టేపు లోపల పోగుపడి నలిగిపోతుంది. "వీసీఆర్ క్యాసెట్ తినేసింది" అనేది దాన్నే. కొత్త సెట్ కొందామంటే లేదు, జపాన్‌లో ఫునాయ్ వాళ్లు 2016 జులైలో ఆపేశాక వీసీఆర్ తయారీ ఆగిపోయింది. నేను చచ్చిన సెట్లు కొని వాటి పార్టులతో బతికించుకుంటూ వస్తున్నా. బెల్టులైతే కొలత చెప్తే ఇప్పటికీ దొరుకుతాయి.

హార్డ్‌డిస్క్_హైదరాబాద్:

సెంటిమెంట్ నాకూ ఉంది కానీ గట్టిగా ఒక మాట. సెట్ బాగైన రోజే నానమ్మ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించండి, ఇంకోసారి చూడ్డం తరవాత. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ వాళ్లు 2015లోనే డెడ్‌లైన్ 2025 అని హెచ్చరిక రాశారు. టేపు పాడవడం ఒక్కటే కాదు, ఆడించే మెషీన్లు, బాగుచేసే చేతులు మిగలవని వాళ్ల భయం. ఆ గడువు కూడా వచ్చేసింది.

ఇంట్లోనే చేసుకోవచ్చు. వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కొనండి, పాత టేపు బొమ్మ వణుకుతుంది కాబట్టి మధ్యలో డీవీడీ రికార్డర్ ఎవరి దగ్గరైనా దొరికితే దాని గుండా పంపండి, చాలా సెట్లలో బొమ్మ నిలకడగా వస్తుంది. 720×576 సైజులో తీయండి, చూసేటప్పుడు పాత టీవీ ఆకారం 4:3లోనే ఉంచండి, టీవీ నిండా సాగదీస్తే మీ పిన్నివాళ్ల పెళ్లిలాగే అవుతుంది. ఫైలు రెండు చోట్ల పెట్టండి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. క్యాసెట్ మాత్రం పారేయొద్దు, పుస్తకంలా నిలబెట్టి పెట్టండి.

కోనసీమ_కొబ్బరితోట:

అందరికీ దండాలు. కాగితంతో మూడుసార్లు తిప్పాను, మొదటిసారి నిజంగానే నల్ల గీత పడింది. పనికిరాని క్యాసెట్ పెడితే మొదట సగం బొమ్మ వచ్చింది, ఇంకోసారి తుడిస్తే పూర్తిగా వచ్చేసింది. డల్లాస్ గారూ, వెనకాల స్టిక్కర్ మీద పాల్, సెకామ్, ఎన్‌టీఎస్‌సీ మూడు సిస్టంలూ ఉన్నాయి, ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. మీ బారసాల క్యాసెట్ ఇంకా ఉంటే చెప్పండి, మేం ఎక్కించి పంపిస్తాం.

నిన్న రాత్రి గృహప్రవేశం మొత్తం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది, రెండు గంటల పది నిమిషాలు, ఒక్కచోట కూడా తెగలేదు. నూతి దగ్గరికి వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచి గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది, అయ్యాక ఏమీ అనకుండా వెళ్లిపోయింది. చెల్లి క్యాసెట్ కవరులో కట్టి పక్కన పెట్టాను, బూజు తీయడం వచ్చినవాళ్లు దొరికేదాకా ముట్టుకోను.

బెజవాడ గారూ, బెల్టుల కొలత రేపు తీసి పంపిస్తాను. అలాగే ఎవరి దగ్గరైనా వాడని ఖాళీ క్యాసెట్ ఉంటే చెప్పండి, 180 నిమిషాలది. రామనవమి దగ్గర పడుతోంది, అమ్మ దగ్గర ఒక్కటీ మిగల్లేదు.