లాల్‌దర్వాజా బోనాలకు ఒక్క రోజే ఉంటే ఆదివారం వెళ్లాలా, సోమవారమా?

నమస్కారం. ఈ ఆషాఢంలో విజయవాడ నుంచి నా నలుగురు కాలేజీ స్నేహితురాళ్లు బోనాలు చూడడానికి హైదరాబాద్ వస్తున్నారు. గోల్కొండలో మొదలైన పండుగ, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి జాతర దాటి పాతబస్తీకి చేరేసరికి నిండుదనం సంతరించుకుంటుందని నా నమ్మకం. అందుకే లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి ఆలయాన్ని ఎంచుకున్నాను.

అయితే వారికి దొరికింది ఒక్క రోజే. ఆదివారం వెళ్తే, పాలు, బెల్లం వేసి వండిన అన్నాన్ని పసుపు కుంకుమలు పెట్టిన కుండలో ఉంచి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకుని నడిచే ఆడపడుచులను దగ్గరగా చూడవచ్చు. సోమవారమైతే అమ్మవారు పూనిన మహిళ రంగం అనే ఘట్టంలో చెప్పే భవిష్యవాణి, ఆ తర్వాత హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం (అమ్మవారి రూపంగా అలంకరించిన కలశం) ఏనుగుపై చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు సాగే ఊరేగింపు ఉంటాయి. చిన్నప్పుడు మా నాన్న భుజాలమీద కూర్చుని ఆ ఏనుగును చూసిన నాకు, దాన్ని వాళ్లకూ చూపించాలని ఎంతో ఆశగా ఉంది.

మా బృందంలో ఒకామెకు ఇటీవలే మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, ఎక్కువసేపు నిలబడలేదు. మరొకామె వాళ్ల అమ్మమ్మ మొక్కు తీర్చడానికి తానే బోనం సమర్పించాలనుకుంటోంది. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగాక ఆటోలను ఎంతవరకు వెళ్లనిస్తారు? బోనం ఎత్తుకున్నవారు ఏ వేళకు వరుసలో చేరితే మంచిది? శాలిబండ, చార్మినార్ దారిలో కాస్త కూర్చుని ఘటాన్ని చూడగల చోటు ఉందా? ఆ వీధుల్లో పెరిగినవారు దయచేసి చెప్పగలరు.